మన చెస్ ఆటను మనమే విప్పి చూడాలంటే: నోట్‌బుక్కా, ఇంజినా, తోటి ఆటగాడా, కోచ్చా?

తెల్ల రాజు డి4లో, తెల్ల బంటు ఇ3లో (నిలువు వరుసలకు ఎ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డ వరుసలకు 1 నుంచి 8 దాకా అంకెలు). ఎదురుగా నల్ల రాజు ఒక్కడే, ఇ6లో. ఎత్తు తెల్లది. రాజును ఇ4కు నడిపితే గెలుపు. బంటును ఇ4కు తోస్తే డ్రా.

పోటీలో గడియారం పరుగెడుతుంటే చెయ్యి బంటు మీదికే పోతుంది. అరపాయింటు పోతుంది. ఇంటికొచ్చి ఆ ఆటను ఫోన్‌లో పెడితే ఇంజిన్, అంటే చెస్ లెక్కలు వేసే ప్రోగ్రాం, ఆ ఎత్తు పక్కన రెండు ప్రశ్నార్థకాలు పెట్టి 0.00, అంటే సమం, అని చూపిస్తుంది. తప్పు ఎక్కడ జరిగిందో తెలిసింది, ఎందుకు తప్పో మాత్రం తెలియలేదు. వచ్చే నెల ఇంకో పోటీలో అదే బంటు ఎఫ్ వరుసలో ఉంటుంది, చెయ్యి మళ్లీ బంటు మీదికే పోతుంది.

తిరుపతిలో, చిత్తూరులో ఇప్పుడు పోటీలాడే పిల్లలకూ పెద్దలకూ ఆటలు తక్కువేమీ లేవు. ఆన్‌లైన్‌లో రోజుకు ఇరవై ఆడేవాళ్లున్నారు. ఆడిన ఆటను కూర్చుని విప్పి చూసేవాళ్లే తక్కువ. చూద్దామనుకున్నవాళ్లకు కూడా ఏ దారిన వెళ్లాలో తేలదు: ఒంటరిగా బోర్డు ముందు కూర్చోవాలా, లైచెస్ వెబ్‌సైట్‌లో పెట్టాలా, చెస్.కామ్ వెబ్‌సైట్‌కు డబ్బు కట్టాలా, కోచ్‌ను పట్టుకోవాలా?

## ఏం చూసి ఎంచుకోవాలి

అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఒకటుంది. ఆ ఎత్తు వేసేటప్పుడు మీ తలలో ఏముందో ఈ దారి బయటికి తీస్తుందా? తప్పు ఎత్తు ఒక్కసారే వస్తుంది, దాన్ని వేయించిన ఆలోచన మాత్రం ప్రతి ఆటలోనూ వస్తుంది. ఆలోచనను పట్టుకోని విశ్లేషణ ఎంత కచ్చితంగా ఉన్నా రేటింగ్‌ను కదిలించదు.

రెండోది, తీర్పు ఎంత నమ్మదగింది. ఒంటరిగా చూసుకునేటప్పుడు తప్పును ఒప్పు అనుకునే ప్రమాదం ఉంటుంది. ఇంజిన్‌తో ఆ ప్రమాదం దాదాపు లేదు.

ఆ తర్వాత సమయం, డబ్బు. ఈ రెంటి గురించి అందరూ ముందు అడుగుతారు గానీ, మూడు నెలలపాటు వదలకుండా చేయగలమా అన్నది వాటికంటే ముఖ్యం. వారానికి ఒక్క ఆటైనా మూడు నెలలు చూసినవారికి పన్నెండు ఆటల నోట్సు చేతిలో ఉంటుంది. ఒక్క ఆదివారం పది ఆటలు చూసి మానేసినవారికి ఏమీ మిగలదు.

## ఏ దారికైనా ముందు కావాల్సింది

ఆట రాసి ఉండాలి. క్లాసికల్ (ఎక్కువ సమయం ఇచ్చే) పోటీలో స్కోర్‌షీట్, అంటే ఎత్తుల చీటీ, రాయడం నియమం. ఎత్తుకు 30 సెకన్లు కలవని గడియారమైతే, అయిదు నిమిషాల కంటే తక్కువ మిగిలినప్పుడు రాయకపోయినా ఒప్పుకుంటారు. ఆట ముగింపు రాతలో లేకుండా పోయేది చాలాసార్లు అక్కడే. స్కోర్‌షీట్ నిర్వాహకుల సొత్తు కాబట్టి ఇచ్చేసే ముందు నకలు మీ దగ్గర ఉందో లేదో చూసుకోండి.

పిల్లలు నల్లపావులతో ఆడినప్పుడు బోర్డును తమవైపు నుంచి చదివి ఇ4ను డి5 అని రాస్తారు. ఫోన్‌లోకి ఎక్కించేటప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఎత్తు దగ్గర ఆట ముందుకు కదలదు. అలా ఆగితే ముందు ఈ తలకిందుల రాతను అనుమానించండి.

ఒక్కరోజు పోటీలు ఎక్కువగా ర్యాపిడ్, అంటే తక్కువ సమయం ఆటలు. అందులో రాయనక్కర్లేదు. అందుకే రౌండు అయ్యాక పదిహేను నిమిషాల్లోపు, హాలు బయట, గుర్తున్నంత వరకు కాగితం మీద పెట్టాలి. మొత్తం గుర్తు లేకపోయినా ఫరవాలేదు. మలుపు తిరిగిన ఒక్క స్థితిని, ఏ పావు ఎక్కడుందో రాసుకున్నా విశ్లేషణకు సరిపోతుంది.

## దారి 1: బోర్డు, నోట్‌బుక్, మీరు

ఇది పాత పద్ధతి. చాలామంది విసుగుపడి వదిలేసేదీ ఇదే. మీ ఆలోచనను బయటికి తీయడంలో మాత్రం దీన్ని మించింది లేదు.

ఒక ఆటకు గంట పెట్టుకోండి. మొదటి పదిహేను నిమిషాలు పావులు విశ్లేషణ కోసం కదపొద్దు. ఆటను మొదటి నుంచి చివరికి నడుపుతూ, ప్రతి ముఖ్యమైన ఎత్తు పక్కన ఆ క్షణంలో ఏమనుకున్నారో ఒక వాక్యం రాయండి. "బంటు ముందుకు పోతే మంత్రి అవుతుంది కదా అనుకున్నా." "వాడి గుర్రాన్ని చూడనే లేదు." "టైం లేదు, ఏదో ఒకటి వేశా." ఇలాంటి మామూలు మాటలే కావాలి. పుస్తకంలో మాదిరి గంభీరంగా రాయబోతే అబద్ధం రాస్తారు.

తర్వాత మూడు స్థితులు ఎంచుకోండి, మూడే. ఎక్కువసేపు ఆలోచించిన చోటు ఒకటి. ఆట చేజారుతోందని లేదా చేజిక్కుతోందని మొదట అనిపించిన చోటు ఒకటి. మంత్రులు లేదా చివరి ఏనుగులు మారిపోయి ఎండ్‌గేమ్‌లోకి (కొద్ది పావులే మిగిలిన చివరి దశలోకి) దిగిన చోటు ఒకటి. ఒక్కో స్థితికి పది నిమిషాలు. వేయగలిగిన ఎత్తులు రెండు మూడు రాసి, ఒక్కోదానికి ఎదుటివాడి గట్టి జవాబు వెతికి, మూడు నాలుగు ఎత్తుల దాకా వరుస రాయండి. చివర ఒక మాట: తెల్లకు మేలు, సమం, నల్లకు మేలు. ఆ తీర్పును పెన్నుతో రాయాలి. పెన్సిల్‌తో రాస్తే ఇంజిన్ చూశాక దిద్దేయాలనిపిస్తుంది, అప్పుడు మీ లెక్క ఎంత దూరం తప్పిందో ఇక తెలియదు.

పైన చెప్పిన బంటు ఎండ్‌గేమ్‌నే ఇలా చూడండి. బంటు ఇ4కు పోయాక నల్ల రాజు డి6కు వస్తాడు. రెండు రాజుల మధ్య ఒక్క గడి ఖాళీ, ఎత్తు తెల్లది. పక్కకు తప్పుకోవాల్సింది తెల్ల రాజే. బంటు ఇ5 చెక్, రాజు ఇ6; రాజు ఇ4, రాజు ఇ7; రాజు డి5, రాజు డి7; బంటు ఇ6 చెక్, రాజు ఇ7; రాజు ఇ5, రాజు ఇ8. ఈ చివరి ఎత్తు దగ్గర నల్ల రాజు డి8కో ఎఫ్8కో పోతే ఓడుతుంది, ఇ8కు పోతే ఆట చివరికి స్టేల్‌మేట్ (వేయడానికి ఎత్తే లేక డ్రా) అవుతుంది. ఇప్పుడు మొదటి స్థితికి తిరిగి వచ్చి రాజును ఇ4లో పెట్టండి. అదే ఒక్క గడి ఖాళీ, కానీ ఎత్తు నల్లది. వాడు డి6కు తప్పుకుంటే మనం ఎఫ్5, వాడు ఎఫ్6కు తప్పుకుంటే మనం డి5. దీన్నే ఆపోజిషన్ అంటారు. చేత్తో నాలుగుసార్లు అటూ ఇటూ నడిపినవారికి బంటు ఏ వరుసలో ఉన్నా చెయ్యి ముందు రాజు మీదికి పోతుంది. ఎ, హెచ్ వరుసల అంచు బంట్లకు మాత్రం లెక్క వేరు. మూల గడిలోకి నల్ల రాజు చేరితే ఆపోజిషన్ మన చేతిలో ఉన్నా డ్రానే.

లోపం కూడా పెద్దదే. రెండువైపులా కనబడని ఎత్తు ఆటలో కనబడనట్టే ఇక్కడా కనబడదు. ఎదుటివాడు మీ మంత్రిని ఊరికే తీసుకునే అవకాశం వదిలేసి ఉంటే, మీరూ దాన్ని చూడకుండా దాటిపోతారు. అందుకే ఈ దారి ఒక్కదానితో ఆగిపోకూడదు.

## దారి 2: లైచెస్, స్టాక్‌ఫిష్

లైచెస్ పూర్తిగా ఉచితం, విరాళాల మీద నడుస్తుంది. ప్రకటనలు లేవు. అందులోని ఇంజిన్ స్టాక్‌ఫిష్, అదీ ఉచితమే. డబ్బు కట్టి కొనే దేనికన్నా విశ్లేషణలో ఇది తక్కువ కాదు. కాబట్టి ఇంజిన్ కోసం డబ్బు ఖర్చు చేయాలా అన్న ప్రశ్నను ఇక్కడే పక్కన పెట్టేయొచ్చు.

ఆటను ఎక్కించి కంప్యూటర్ విశ్లేషణ అడిగితే సర్వర్ మొత్తం ఆటను చూసి తప్పుల చోట్లు గుర్తిస్తుంది. ఆ వెంటనే గ్రాఫ్ గీత ఎక్కడ పడిపోయిందో చూసి మూసేయడం చాలామంది చేసే పని. దాని బదులు మీ తప్పుల నుంచి నేర్చుకోండి అన్న మీట నొక్కండి. తప్పు జరిగిన స్థితిని చూపించి, జవాబు చెప్పకుండా మీతోనే మంచి ఎత్తు వెతికిస్తుంది. లైచెస్‌లో ఒక్క పనే చేయగలిగితే ఇదే చేయండి.

అంకెల గురించి. +1 అంటే సుమారుగా ఒక బంటంత మేలు. 0.3 లోపు తేడాలను మన స్థాయిలో పట్టించుకోవద్దు. +6 నుంచి +4కు తగ్గితే గెలుపు చేతిలోనే ఉంది. +0.5 నుంచి -1.5కు పడితే అది అసలైన తప్పు. ఫోన్‌లో నడిచే ఇంజిన్ మొదటి రెండు సెకన్లలో చెప్పింది మారుతూ ఉంటుంది, లోతు (ఎన్ని ఎత్తుల ముందు దాకా చూసిందో చెప్పే అంకె) 20 దాటేదాకా ఆగండి. ఒక్క ఎత్తుల వరుస కాకుండా మూడు చూపించేలా పెట్టుకుంటే, మీరు అనుకున్న ఎత్తు రెండోదో మూడోదో అయి ఉండొచ్చు. అప్పుడు మీ ఆలోచన మరీ తప్పు కాదని తెలుస్తుంది.

ఇంజిన్ చెప్పినదాన్ని ఒప్పుకునే ముందు దానితో వాదించాలి. ఒక ఉదాహరణ. మీరు నల్ల. ఇ4, ఇ5, గుర్రం ఎఫ్3, గుర్రం సి6, బిషప్ సి4, గుర్రం ఎఫ్6, గుర్రం జి5, డి5, తెల్ల బంటు డి5లో కొట్టింది. పోయిన బంటు తిరిగి వస్తుంది కదా అని గుర్రంతో కొట్టారు. ఇంజిన్ తప్పంటుంది, గుర్రం ఎ5 వేయాలంటుంది. గుర్రాన్ని అంచుకు పంపడమేంటని చదివినవారు తల పట్టుకుంటారు. ఎ5ను బట్టీ పట్టొద్దు. మీరు వేసిన ఎత్తే వేసి, ఇంజిన్ మిమ్మల్ని ఎలా శిక్షిస్తుందో చూడండి. తెల్ల గుర్రం ఎఫ్7లో కొడుతుంది, మీ రాజు దాన్ని కొడతాడు, తెల్ల మంత్రి ఎఫ్3కు వచ్చి చెక్. డి5లోని మీ గుర్రం మీద బిషప్ ఒకవైపు, మంత్రి ఇంకోవైపు. దాన్ని కాపాడాలంటే రాజే ఇ6కు, బోర్డు నడిమధ్యకు నడవాలి. ఇంత చూశాక ఎ5 ఎందుకో దానంతటదే అర్థమవుతుంది: ఈ దాడికి ప్రాణం సి4 బిషప్, ఎ5 గుర్రం దాన్నే పట్టుకుంటుంది.

కంప్యూటర్‌లో చూస్తుంటే, విశ్లేషణ బోర్డు మీద ఎక్స్ అక్షరం నొక్కితే ఎదుటివాడి బెదిరింపు ఏమిటో బాణంతో కనబడుతుంది. బెదిరింపు గమనించకపోవడమే జబ్బుగా ఉన్నవారికి ఇది మంచి మందు. ఏడు పావుల దాకా ఉన్న ఎండ్‌గేమ్‌లకు టేబుల్‌బేస్ (ముందే లెక్కకట్టి పెట్టిన ఫలితాల నిధి) కూడా ఉంది. రాజులతో కలిపి ఏడు. అందులో ఊహ ఉండదు, గెలుపో డ్రానో తేల్చి చెప్పేస్తుంది. ఎందుకన్నది మాత్రం అది కూడా చెప్పదు.

స్టడీ అనే ఏర్పాటులో ఒక్కో స్టడీకి 64 అధ్యాయాలు పెట్టుకోవచ్చు. ఏడాది ఆటలన్నీ మీ మాటల్లో రాసిన వ్యాఖ్యలతో ఒకేచోట ఉంటాయి. వ్యాఖ్యలు తెలుగులోనే రాసుకోండి. ఇంగ్లీషులో రాయాలనుకుంటే ఆలోచన సగం అక్కడే ఎగిరిపోతుంది.

## దారి 3: చెస్.కామ్ గేమ్ రివ్యూ

ఆట అయ్యాక ఎత్తులను చూసి వ్యాఖ్యానించే ఏర్పాటు ఇది. చూడటానికి బాగుంటుంది, పిల్లలు ఇష్టపడతారు. తప్పు ఏమిటో వాక్యాల్లో చెబుతుంది, అది సుఖం. ఉచిత ఖాతాకు రోజుకు ఒక రివ్యూ. వారానికి ఒకటి రెండు ఆటలు శ్రద్ధగా చూసేవారికి అదే ఎక్కువ, డబ్బు కట్టాల్సిన అవసరం కనబడదు.

దీనితో వచ్చే చిక్కు, ఎత్తులు ఎంత కచ్చితమో చెప్పే శాతం. 92 వచ్చిందని సంబరం, 71 వచ్చిందని ఏడుపు. ఎదుటివాడు పదో ఎత్తులో మంత్రిని వదిలేస్తే ఎవరికైనా 92 వస్తుంది. అటూ ఇటూ కత్తులు దూసుకున్న కష్టమైన ఆటలో 71 రావడం మామూలే, నేర్చుకునేది కూడా ఆ ఆటలోనే ఎక్కువ. అమ్మానాన్నలు "ఈరోజు ఎంత వచ్చింది?" అని శాతం అడగడం మొదలుపెడితే, పిల్లవాడు సులువైన ఆటల వెంట పడతాడు.

## దారి 4: ఎదుటి ఆటగాడు, లేదా ఒక మిత్రుడు

ఆట అయ్యాక ఓడించినవాడితోనే హాలు బయట కూర్చోవడం. ఖర్చు లేదు, పావుగంట చాలు. మీకు కనబడనిది ఇంకో మనిషికి ఎలా కనబడిందో తెలిసేది ఈ ఒక్క దారిలోనే. "నువ్వు ఏనుగును సి వరుసకు తెస్తావేమోనని భయపడ్డా" అని వాడంటాడు. మీకు ఆ ఏనుగు గుర్తుకే రాలేదు. ఏ ఇంజిన్ కూడా వాడి భయాన్ని చూపించలేదు.

పోటీ హాల్లోకి ఫోన్లు రానివ్వరు కాబట్టి ఇది ఇంజిన్ లేకుండా సాగుతుంది, అదే దీని బలం. అడగాల్సినవి మూడు: నా ఏ ఎత్తు నిన్ను ఇబ్బంది పెట్టింది? ఎక్కడ గెలుస్తాననుకున్నావు? ఇక్కడ నా స్థానంలో ఉంటే ఏం వేసేవాడివి? ఓడినవాడు మౌనంగా ఉండి గెలిచినవాడే పాఠం చెబితే మాత్రం దండగ. గెలిచినవాడి మాట కూడా అన్నిసార్లూ నిజం కాదు, రాసుకుని ఇంట్లో సరిచూడాలి.

మాజీ ప్రపంచ ఛాంపియన్ మిఖాయిల్ బోత్విన్నిక్ ఎవరి ఆటల విశ్లేషణను వారే అచ్చువేసి పదిమంది ముందు పెట్టమనేవారు. తప్పు పట్టేవాళ్లుంటారని తెలిస్తే రాసేటప్పుడే జాగ్రత్త పడతాం. ఇప్పుడు అచ్చు అక్కర్లేదు. లైచెస్ స్టడీ లింకు ఇద్దరు మిత్రులకు పంపితే సరిపోతుంది.

## దారి 5: కోచ్

మంచి కోచ్ ఒక గంటలో చేసేది ఆరు నెలలు ఒంటరిగా కూర్చున్నా రాకపోవచ్చు. ఆయన ఒక్క తప్పు దగ్గరే ఆగడు, అయిదారు ఆటల్లో ఒకే తప్పు వేరువేరు వేషాల్లో రావడం చూస్తాడు. ఆ బంటు ఎండ్‌గేమ్ దగ్గర ఆయన అడిగేది ఒకటే: "ఏనుగులు మార్చేముందు ఈ బంటు ఆట గెలుపో కాదో లెక్కపెట్టావా?" అసలు జబ్బు అక్కడుంది, బంటు తోయడం దాని లక్షణం మాత్రమే.

ఎంచుకునేటప్పుడు ఆయన రేటింగ్ కంటే పాఠం తీరు చూడండి. మొదటి క్లాసులో మీ ఆట తెరిచి, మీ మాట వినకముందే ఇంజిన్ ఆన్ చేస్తే ఆ డబ్బు దండగ, ఆ పని మీరే ఉచితంగా చేసుకోవచ్చు. "ఇక్కడ ఏమనుకున్నావు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగేవారైతే నిలబడండి. ఓపెనింగ్‌లు (ఆట మొదటి ఎత్తులు) మాత్రమే బట్టీ పట్టించేవారితో కూడా జాగ్రత్త.

మన ప్రాంతానికి ఒక వీలుంది. ఆనంద్, ప్రజ్ఞానంద, గుకేశ్ పెరిగిన చెన్నై ఇక్కడికి దగ్గర. చిత్తూరుకు వేలూరు పక్కనే. చిత్తూరు, పుత్తూరు వైపు చాలా ఇళ్లలో తమిళం అర్థమవుతుంది కాబట్టి, ఆన్‌లైన్‌లో తమిళంలో చెప్పే కోచ్ దగ్గర కూడా పిల్లలు ఇబ్బంది పడరు. ఇంగ్లీషు పాఠం అర్థంకాక తలూపే పిల్లలకు ఇది నయం.

చెస్‌బేస్ లాంటి కొనుగోలు సాఫ్ట్‌వేర్ గురించి అడిగేవారికి ఒక్క మాట: పోటీకి ముందు ఎదుటివారి పాత ఆటలు వెతికి సిద్ధమయ్యే స్థాయి వచ్చేదాకా అక్కర్లేదు.

## ఒక్కచోట పెట్టి చూస్తే

| దారి | మీ ఆలోచన బయటపడటం | తీర్పు నమ్మకం | ఒక ఆటకు సమయం | ఖర్చు |
|---|---|---|---|---|
| బోర్డు, నోట్‌బుక్ | చాలా బాగా | తక్కువ | గంట | నోట్‌బుక్ ధర |
| లైచెస్ | మీరు ముందే రాసుకుంటేనే | చాలా ఎక్కువ | 20–30 నిమిషాలు | లేదు |
| చెస్.కామ్ రివ్యూ | తక్కువ | ఎక్కువ | 10 నిమిషాలు | రోజుకు ఒకటి ఉచితం |
| తోటి ఆటగాడు | బాగా | మధ్యస్థం | 15 నిమిషాలు | లేదు |
| కోచ్ | చాలా బాగా | కోచ్‌ను బట్టి | గంట | అన్నిటికంటే ఎక్కువ |

## ఎవరికి ఏది

చెస్ రాని అమ్మానాన్నలు, ఎనిమిది నుంచి పదకొండేళ్ల పిల్లలు. మీకు ఆట రాకపోవడం ఇక్కడ లోటు కాదు. పిల్లవాడిని బోర్డు మీద ఆట నడపమని, మూడు చోట్ల ఆపి అడగండి: "ఇది ఎందుకు వేసినావు నాయనా? వాడు ఏం చేయాలని చూసినాడు? ఇంకేం వేసి ఉండొచ్చు?" వాడు మీకు అర్థమయ్యేలా చెప్పడానికి తంటాలు పడుతూ తన తప్పును తానే పట్టుకుంటాడు. ఇంజిన్ పిల్లల చేతికి ఇవ్వొద్దు, వారానికి ఒకసారి మీ ముందు తెరిస్తే చాలు. ఓడిన రోజు రాత్రి మాత్రం ఏమీ అడగొద్దు. మర్నాడు చూడండి.

ఇంటర్, ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షల మధ్య నలిగే విద్యార్థులు. ఆదివారం ఒక్క ఆట, నలభై నిమిషాలు. ఇరవై నోట్‌బుక్, ఇరవై లైచెస్. వారంలో ఆడే బ్లిట్జ్ ఆటలను విశ్లేషించాలని కూర్చోవద్దు. మూడు నిమిషాల ఆటలో ఆలోచనే ఉండదు, తవ్వినా ఏమీ దొరకదు. కనీసం పదిహేను నిమిషాల ఆట ఒకటి ఆడి దాన్ని చూడండి.

1400 నుంచి 1700 రేటింగ్ మధ్య ఉండిపోయిన పెద్దలు. 2024 మార్చి నుంచి ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్ 1400 దగ్గర మొదలవుతుంది, కాబట్టి ఈ మెట్టు మీద జనం ఎక్కువ. వీరికి దారి 1, 2, 4 కలిపి పట్టాలి, నెలకో రెండు నెలలకో ఒకసారి కోచ్‌కు అయిదు ఆటలు ఒకేసారి చూపించాలి. వారం వారం క్లాసు కంటే ఇది చవక, ఫలితమూ మేలు. చెన్నైలో పోటీ ఆడి రైల్లో తిరిగి వస్తుంటే, అరక్కోణం నుంచి రేణిగుంట దాకా నోట్‌బుక్ పనికి అంతకు మించిన సమయం దొరకదు. ఆలోచనలు ఇంకా వేడిగా ఉంటాయి, ఇంట్లో పనులు అడ్డం రావు. ఫోన్ సంచిలోనే ఉండనివ్వండి.

పలమనేరు, కుప్పం లాంటి చోట్ల ఒంటరిగా ఆడేవారు. పక్కన ఆటగాడు లేడు కాబట్టి దారి 4ను ఆన్‌లైన్‌లో తయారు చేసుకోవాలి. ఆట అయ్యాక ఎదుటివారిని విశ్లేషణకు రమ్మని అడగడంలో మొహమాటం వద్దు. పదిమందిలో ఇద్దరు ఒప్పుకున్నా చాలు, అందులో ఒకరు ప్రతి వారం ఆడే తోడు అవుతారు.

## ఇరవై ఆటల తర్వాత

నోట్‌బుక్ చివరి పేజీలో ప్రతి అసలైన తప్పుకూ ఒక గీత గీస్తూ రండి. అయిదు గళ్లు చాలు: చూడలేదు, చూశా గానీ లెక్క తప్పింది, ఏం చేయాలో తోచలేదు, టైం లేదు, గెలిచేశాననుకుని తొందరపడ్డా.

ఇరవై ఆటల తర్వాత గీతలు లెక్కపెట్టండి. "చూడలేదు" గడి నిండితే కోచ్ అవసరం లేదు, రోజూ ఇరవై నిమిషాలు పజిల్స్ చేయండి. "లెక్క తప్పింది" నిండితే దారి 1లో మూడు స్థితుల పనిని రెట్టింపు చేయండి. "తోచలేదు" నిండితే మనిషి కావాలి, కోచ్ మీద పెట్టే డబ్బు ఇక్కడ గిట్టుతుంది. "టైం లేదు" నిండితే స్కోర్‌షీట్‌లో ప్రతి అయిదు ఎత్తులకు గడియారంలో మిగిలిన నిమిషాలు రాయడం మొదలుపెట్టండి, నియమాలు దానికి ఒప్పుకుంటాయి. చివరి గడి నిండినవారు గెలిచిన ఆటలను కూడా విప్పి చూడాలి. ఎదుటివాడు వదిలేయబట్టి దక్కిన గెలుపులు అందులో ఎన్నో అప్పుడు లెక్క తేలుతుంది.